లెవెల్ గీసే కోడ్ సరే, ముందు ఆడి చూసే కోడ్ ఏదీ?

ప్లాట్‌ఫామ్ గేమ్ (మారియోలా పరిగెడుతూ, గెంతుతూ సాగే ఆట) చేయడం మొదలుపెట్టిన ప్రతివాడికీ మూడో నాలుగో లెవెల్ దగ్గర ఒకే కోరిక పుడుతుంది. టైళ్లు, అంటే లెవెల్‌ని కట్టే చిన్న చదరపు బొమ్మలు, ఒక్కొక్కటీ పేర్చుకుంటూ కూర్చునే బదులు ఈ పనేదో కోడ్‌కే అప్పగిస్తే పోలా? బటన్ నొక్కితే వంద లెవెల్స్ వచ్చి పడాలి. ఈమధ్య ఈ కోరికకి ఏఐ కూడా తోడైంది. మా ఆఫీసులో జూనియర్ ఒకడున్నాడు, వాడూ సరదాకి గేమ్స్ చేస్తుంటాడు. "అన్నా, మారియో లెవెల్స్ అన్నీ మోడల్‌కి చూపిస్తే కొత్తవి అదే ఇస్తుంది కదా, మీరింకా చేత్తో గీస్తున్నారేంటి?" అన్నాడు. టీ తాగేలోపు తేలే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా వాదన ముందే చెప్పేస్తా. లెవెల్ డిజైన్‌లో ఆటోమేషన్ ఉండాల్సిందే. పగలు ఉద్యోగం, రాత్రి గేమ్ అంటూ నడిపేవాడికి అది లేకపోతే బండి కదలదు. కాకపోతే దాదాపు అందరూ రెండో పనిని ముందు చేస్తున్నారు. టైళ్లు పరిచే జనరేటర్ మీద నెలలకి నెలలు పెడతారు. పరిచింది ఆడగలిగేలా ఉందో లేదో చెప్పే చెకర్ మీద ఒక సాయంత్రం కూడా పెట్టరు. చెకర్ గట్టిగా ఉంటే జనరేటర్ ఎంత మొద్దుదైనా నెట్టుకురావచ్చు. చెకర్ లేకపోతే జనరేటర్ ఎంత తెలివైనదైనా, అది విసిరిన ప్రతి లెవెలూ మీరే ఆడి చూడాలి. అప్పుడిక ఆటోమేట్ అయింది ఏముంది?

ఎవరికీ అభ్యంతరం లేని చోటు ఒకటుంది, దాన్ని ముందు దాటేద్దాం. నేల పక్కన నేల ఉంటే ఒక బొమ్మ, గాలి ఉంటే గడ్డి అంచున్న బొమ్మ, మూలైతే ఇంకోటి. వీటిని చేత్తో ఎంచుకోవడం శుద్ధ దండగ. నాలుగు వైపులకీ 1, 2, 4, 8 అని విలువలిచ్చి, నేల ఉన్న వైపుల విలువలు కూడితే 0 నుంచి 15 దాకా ఒక అంకె వస్తుంది. ఆ నంబరు బొమ్మ అక్కడ పెట్టేయడమే. మూలలు కూడా చూస్తే పొరుగు గడులు ఎనిమిది, కలయికలు 256. కానీ ఒక మూలకి ఆనుకున్న రెండు వైపులా నేల ఉంటేనే ఆ మూల లెక్కలోకి వస్తుంది కాబట్టి, నిజంగా వేరుగా కనిపించేవి 47కి తగ్గుతాయి. ఆర్టిస్టులు టైల్‌సెట్‌లో సరిగ్గా 47 గీసేది అందుకే. గోడో, యూనిటీ లాంటి గేమ్ ఇంజన్లు, టైల్డ్, ఎల్‌డీటీకే లాంటి లెవెల్ ఎడిటర్లు, అన్నిట్లో ఈ సౌకర్యం ఏదో ఒక పేరుతో ఉంది. మొహమాటం లేకుండా వాడుకోండి. ఇది పొరపాటున తప్పినా చూడ్డానికి వికారంగా ఉంటుంది, అంతే. ఆట ఆగదు.

ఆట ఆగేది జంప్ దగ్గర. పై నుంచి చూసే డంజన్ గేమ్‌లో రెండు గదుల మధ్య తలుపుంటే వెళ్లొచ్చు, మళ్లీ అదే తలుపులోంచి తిరిగి రావచ్చు. ప్లాట్‌ఫామ్ గేమ్‌లో గురుత్వాకర్షణ ఉంది. కిందికి ఎవడైనా పడతాడు, పైకి ఎక్కడమే కష్టం. దారికి ఒక దిక్కు వచ్చేసిందన్నమాట. ఆ దిక్కు ఎంత కచ్చితమో చూడండి. 16 పిక్సెళ్ల టైల్ అనుకుందాం. మన హీరో 4 టైళ్లు, అంటే 64 పిక్సెళ్లు ఎగరాలి, 0.4 సెకన్లలో పైకొసకి చేరాలి. ఎత్తుని రెట్టింపు చేసి కాలంతో భాగిస్తే మొదటి వేగం సెకనుకి 320 పిక్సెళ్లు. మరోసారి 0.4తో భాగిస్తే గురుత్వం 800. పైకి 0.4, కిందికి 0.4, మొత్తం 0.8 సెకన్లు గాల్లో. పరుగు వేగం సెకనుకి 120 పిక్సెళ్లయితే దాటే దూరం 96 పిక్సెళ్లు, సరిగ్గా 6 టైళ్లు. మరి 7 టైళ్ల గొయ్యి? అది 112 పిక్సెళ్లు. మనిషి వెడల్పు 12 తీసేసినా (వెనక పాదం ఈ అంచు మీద ఉండగా ఎగిరి, ముందు పాదం ఆ అంచుకి తగిలితే చాలు కదా) ఇంకా 100 కావాలి. 4 పిక్సెళ్లు తక్కువ. జనరేటర్ ఒక్క టైల్ ఎక్కువ తవ్వితే లెవెల్ అక్కడితో సమాప్తం. ఎంత అందమైన లెవెలైనా సరే.

కాయోటీ టైమ్ అని ఒక మర్యాద ఉంది, అంచు దాటిపోయాక కూడా కొన్ని ఫ్రేములపాటు జంప్‌ని ఒప్పుకోవడం. సెకనుకి 60 ఫ్రేముల ఆటలో 6 ఫ్రేములు ఇచ్చామనుకోండి, అది 0.1 సెకను, మరో 12 పిక్సెళ్లు. ఈలోపు 4 పిక్సెళ్లు కిందికి జారతాడు, ఆ నష్టం కలుపుకున్నా దాటలేని 7 టైళ్ల గొయ్యి ఇప్పుడు దాటొచ్చు. అలాగని జనరేటర్‌ని 7 టైళ్లు తవ్వనివ్వాలా? నేనైతే ఇవ్వను. ఆ 6 ఫ్రేములు వేలు కాస్త ఆలస్యంగా పడిన మనిషి కోసం పెట్టినవి. లెవెల్ వాటిని ముందే తినేస్తే ఆ మనిషికి ఏమీ మిగలదు. ఇలాంటి నిర్ణయాలు చెకర్‌లో రాసుకోవాల్సినవి. జనరేటర్‌లో అక్కడో ఇక్కడో ఇరికిస్తే రేపు జంప్ ఎత్తు మార్చినరోజు అన్నీ వెతుక్కుంటూ తిరగాలి.

"మరి 1982లోనే పిట్‌ఫాల్ అనే ఆటలో కోడే స్క్రీన్లు తయారుచేసింది కదా?" అనొచ్చు. చేసింది, అదొక అద్భుతం. అటారీ 2600 అనే గేమ్ కన్సోల్ మీద 4 కేబీ క్యాట్రిడ్జ్‌లో డేవిడ్ క్రేన్ 255 స్క్రీన్లు పట్టించాడు. స్క్రీన్లేవీ దాచిపెట్టలేదు. ఒక్క బైటు ఉంటుంది, కుడికి వెళ్తే దాని బిట్లు ఒక పద్ధతిలో జరిగి కొత్త బైటు అవుతుంది, ఎడమకి వెళ్తే అదే పద్ధతి తిరగేసి. చెట్లు ఎలా ఉండాలి, గొయ్యి ఏ రకం, దొర్లే దుంగలా కాదా, అన్నీ ఆ బిట్లలోంచే. ఇంతకీ చెకర్ లేకుండా అది ఎలా నడిచింది? ఆ ఆటలో నేల చదును. పైన ఒక బాట, కింద ఒక సొరంగం, అంతే. గొయ్యి ఏ రకం వచ్చినా దాన్ని దాటే ఉపాయం దాంతోపాటే వస్తుంది: ఊడ పట్టుకుని ఊగడమో, మొసళ్ల తలల మీద గెంతడమో, మూసుకునేదాకా ఆగడమో. ఒక స్క్రీన్ ఇంకో స్క్రీన్‌ని చెడగొట్టలేదు. చెడ్డ లెవెల్ పుట్టడానికి ఆ ఆట నియమాల్లోనే చోటు లేదు.

స్పెలంకీ కథ కూడా కొంత అదే, ఇంకా లోతుగా. 2008లో డెరెక్ యూ ఉచితంగా వదిలిన ఆ ఆటలో ఒక్కో లెవెల్ 4×4 గదుల గళ్లపట్టీ. ఒక్కో గది 10 టైళ్ల వెడల్పు, 8 టైళ్ల ఎత్తు. మొదట టైళ్ల జోలికే వెళ్లదు కోడ్. పై వరసలో ఒక గది ఎంచుకుని, అక్కడి నుంచి ఎడమకో కుడికో కిందికో నడుస్తూ అట్టడుగు వరస దాకా ఒక దారి గీసుకుంటుంది. ఆ దారిలో పడ్డ గదులకి పక్కలకి తెరిచినది, కిందికి కూడా తెరిచినది, పైకి తెరిచినది అని రకాలు. ప్రతి రకానికీ మనిషి చేత్తో గీసిన టెంప్లేట్లు కొన్ని ఉంటాయి, వాటిలో చిన్న చిన్న ముక్కలు మాత్రం యాదృచ్ఛికంగా మారతాయి. దారికి దూరంగా పడ్డ గదులు మూసుకుపోయినా పర్లేదు, ఎందుకంటే ఆటగాడి చేతిలో మొదటి నుంచీ నాలుగు బాంబులు, నాలుగు తాళ్లు ఉంటాయి. గోడ అడ్డమొస్తే పేల్చెయ్, ఎత్తు అందకపోతే తాడు వెయ్.

స్పెలంకీని చూపించి "జనరేటర్ చాలు" అనేవాళ్లు ఈ బాంబుల సంగతి ఎత్తరు. జనరేటర్ వదిలేసిన లొసుగుల్ని పూడ్చుకునే పరికరాలు ఆటగాడికే ఇచ్చాడు ఆ డిజైనర్. దారి కట్టుకునే పద్ధతిలోనే చెకర్ దాగి ఉంది, ముందు దారి ఖాయం చేసి తర్వాత గదులు పెట్టడం అంటే అదే కదా. మీ ఆటలో బాంబులు లేకపోతే, గోడలు పగలకపోతే, ఆ అల్గారిదమ్‌ని తెచ్చి పెట్టుకుని లాభం లేదు.

సరే, చెకర్ అంటే ఏంటి? పేరు పెద్దదేగానీ లోపల ఉన్నది కాలేజీలో చదువుకున్న గ్రాఫే. కాలు మోపగలిగే ప్రతి టైల్ ఒక బిందువు. ఆ టైల్ నుంచి నడిచి, పడి, ఎగిరి ఎక్కడెక్కడికి చేరొచ్చో అన్నిటికీ బాణాలు గీయాలి. జంప్ బాణాల కోసం పైన వేసిన లెక్కతో గమనరేఖలు ముందే తయారు చేసుకోవచ్చు. బటన్ కొద్దిసేపు నొక్కితే ఒకటి, పూర్తిగా నొక్కి పట్టుకుంటే ఇంకోటి, గాల్లో వెనక్కి తిప్పితే మరోటి. రేఖ వెళ్లే గడుల్లో ఎక్కడా నేల తగలకపోతే బాణం చెల్లుతుంది. ఇప్పుడు మొదలు నుంచి ముందుకి ఒకసారి వెతికితే చేరగలిగే చోట్లన్నీ తెలుస్తాయి. గమ్యం నుంచి బాణాలు తిరగేసి ఇంకోసారి వెతకాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో వెతుకులాటనే. మొదటి జాబితాలో ఉండి రెండో జాబితాలో లేని టైళ్లున్నాయి చూడండి, అవే ప్రమాదం. అక్కడికి పడగలవు, బయటపడలేవు. చావు కూడా రాదు. ఆటగాడు గోడకేసి గెంతుతూ గెంతుతూ చివరికి గేమ్ ఆపేస్తాడు. స్పెలంకీ సైజు లెవెల్ తీసుకున్నా 40×32, మొత్తం 1280 గడులే. ఈ రెండు వెతుకులాటలూ కంప్యూటర్‌కి ఒక పనే కాదు, ఎడిటర్‌లో టైల్ పెట్టిన ప్రతిసారీ నడిపినా మీకు తెలియను కూడా తెలియదు.

తాళాలు, తలుపులు, స్విచ్‌లు వచ్చాయంటే కథ మారుతుంది. "ఈ టైల్ మీద ఉన్నాను" అంటే చాలదు, "ఎర్ర తాళంచెవితో ఈ టైల్ మీద ఉన్నాను" అని గుర్తుంచుకోవాలి. ఒక్కో స్విచ్‌కి స్థితులు రెట్టింపు. పాత నింటెండో ఆటల్ని కాస్త సాగదీసి ఎంత పెద్ద లెవెలైనా ఉండొచ్చంటే, గమ్యం చేరొచ్చా లేదా అని తేల్చడం సూపర్ మారియోలో కూడా ఎన్‌పీ హార్డ్ (లెవెల్ పెరిగేకొద్దీ లెక్క చేయి దాటిపోయే రకం సమస్య) అని 2012లో ఎరిక్ డిమేన్, జొవాన్నీ విలియెట్టా, మరికొందరు కలిసి నిరూపించారు. భయపడక్కర్లేదు. వాళ్లు కట్టిన లెవెల్స్ గణితం కోసం కట్టినవి, ఆడుకోవడానికి కాదు. మన లెవెల్‌లో ఉండేది రెండు మూడు స్విచ్‌లు.

అసలు తలనొప్పి వేరే. చెకర్ దాటింది కదా అని మనిషి దాటగలడని లేదు. 2009లో జూలియన్ టోగీలియస్ బృందం మారియో ఆడే ప్రోగ్రాములకి పోటీ పెట్టింది. మార్కుస్ పెర్షన్, అదే మైన్‌క్రాఫ్ట్ చేసినాయన, అంతకుముందు జావాలో రాసిన ఇన్ఫినిట్ మారియో అనే ఆటే దానికి వేదిక. రాబిన్ బామ్‌గార్టెన్ ఏ స్టార్ అనే దారి వెతికే పద్ధతితో రాసిన ప్రోగ్రామ్ గెలిచింది. ఆ వీడియో చూసినవాళ్లకి గుర్తుంటుంది, మారియో ముందు ఎర్ర గీతలు మెరుస్తుంటాయి, బుల్లెట్ల మధ్య నుంచి, శత్రువుల తలల మీద నుంచి ఎక్కడా ఆగకుండా దూసుకుపోతాడు. చూడ్డానికి భలే ఉంటుంది. దాన్ని చెకర్‌గా పెట్టుకుంటే మాత్రం ఒక్క ఫ్రేము, అంటే 16.67 మిల్లీసెకన్లు అటూఇటూ అయితే చచ్చిపోయే జంప్‌ని కూడా "పాస్" అంటుంది. మనిషి వేలు అంత నిక్కచ్చిగా పడదు.

దీనికి నాకు బాగా నచ్చిన మందు, చెకర్ చేతిని కావాలని వణికించడం. అది కనిపెట్టిన దారిలో ప్రతి బటన్ నొక్కునీ కొన్ని ఫ్రేములు ముందుకో వెనక్కో యాదృచ్ఛికంగా జరిపి, అదే లెవెల్ పదేపదే ఆడించాలి. ఎన్నిసార్లు బతికిందో చూడాలి. కొత్తగా ఆడేవాడికి ఎక్కువ వణుకు, ఆరితేరినవాడికి తక్కువ వణుకు. ఏ గొయ్యి దగ్గర ఎక్కువసార్లు చస్తుందో అక్కడ కష్టం ఉందన్నమాట. లెవెల్ పొడుగునా ఈ సంఖ్యని గీస్తే కష్టం ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గుతుందో ఒక గ్రాఫ్ కనిపిస్తుంది. లెవెల్ బాగుందా అన్న ప్రశ్నకి ఇది జవాబు చెప్పదు. ఆరంభంలోనే కొండెక్కిస్తున్నావని మాత్రం మొహం మీద చెప్పేస్తుంది.

ఇప్పుడు మా జూనియర్ ప్రశ్నకి వస్తాను. నేర్చుకునే మోడళ్లు మారియో లెవెల్స్ రాస్తాయా? రాస్తాయి. 2016లో ఆడమ్ సమర్‌విల్, మైకేల్ మటేయాస్ లెవెల్‌ని టైళ్ల అక్షరాల వరసగా మార్చి ఎల్‌ఎస్‌టీఎమ్ అనే, వరసలు నేర్చుకునే నెట్‌వర్క్‌కి నేర్పించారు. 2018లో వనెసా వోల్జ్ బృందం ఒకే ఒక్క మారియో లెవెల్‌ని 28×14 టైళ్ల ముక్కలుగా కోసి గ్యాన్ అనే, చూసినవాటిని పోలినవి పుట్టించే నెట్‌వర్క్‌కి చూపించి కొత్తవి పుట్టించింది. 2023లో జీపీటీ 2 అనే భాషా మోడల్ మీద కట్టిన మారియోజీపీటీ వచ్చింది, "పైపులు ఎక్కువ, శత్రువులు తక్కువ" అని మాటల్లో చెప్తే లెవెల్ ఇస్తుంది. ఈ మూడింట్లోనూ ఒక విషయం గమనించండి. మొదటివాళ్లు ఆటగాడు నడిచే దారిని కూడా టైళ్ల మధ్య గుర్తులుగా పెట్టి నేర్పారు. రెండోవాళ్లు ఏ ముక్క మంచిదో ఎంచడానికి బామ్‌గార్టెన్ ప్రోగ్రామ్‌నే పిలిచి ఆడించారు. మూడోవాళ్ల మోడల్ టైళ్లతోపాటు దారినీ ఊహిస్తుంది. అంటే ప్రతిసారీ చెకర్‌ని ఏదో ఒక ద్వారంలోంచి లోపలికి తెచ్చుకున్నారు. మోడల్ ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేస్తుందో గ్యాన్ పనిలో చూడొచ్చు: సగం పైపు, తల లేని పైపు. టైళ్ల పోలిక తెలుసు, పైపు అంటే ఒక వస్తువు అని తెలియదు.

మాక్సిమ్ గూమిన్ 2016లో విడుదల చేసిన వేవ్ ఫంక్షన్ కొలాప్స్ అనే, ఒక నమూనాని చూసి అలాంటివే అల్లే అల్గారిదమ్‌లో పైపు సమస్య ఉండదు. నమూనాలో పక్కపక్కన లేని టైళ్లని అది పక్కపక్కన పెట్టదు. అందుకే దాంతో వచ్చే బొమ్మలు అంత ముచ్చటగా ఉంటాయి. కానీ అది చూసేది ఇరుగుపొరుగునే. ఇక్కడి నుంచి అక్కడికి దారుందా అనేది ఊరంతటికీ సంబంధించిన ప్రశ్న, దానికి విడిగా షరతు పెట్టుకోవాలి. మళ్లీ చెకరే!

పోనీ దారి కూడా ఉందనుకుందాం. మారియో 1-1 లెవెల్ తీసుకోండి, తొంభైల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించి "క్యాసెట్" మార్చి ఆడినవాళ్లందరికీ కంఠతా వచ్చిన లెవెల్. మొదట వచ్చే పైపులు ఒకదాన్ని మించి ఒకటి పొడుగవుతాయి: రెండు టైళ్లు, మూడు, నాలుగు. బటన్ ఎక్కువసేపు నొక్కితే ఎక్కువ ఎగురుతాడని ఎవరూ చెప్పకుండానే వేలికి తెలిసిపోతుంది. కాస్త ముందుకెళ్తే ఎదురెదురుగా రెండు మెట్ల వరసలు, మధ్యలో నేల. పడితే ఏమీ కాదు. వెంటనే అలాంటివే మరో రెండు మెట్ల వరసలు, ఈసారి మధ్యలో గొయ్యి. మొదటిది రిహార్సల్, రెండోది అసలుది. ఇందులో ఉన్న పాఠమంతా ఏది ముందు ఏది వెనక అన్న వరసలోనే ఉంది. లెవెల్‌ని కిటికీలుగా కోసి కలగలిపి చూపించిన నెట్‌వర్క్‌కి రెండూ మెట్లే, ఒకదాంట్లో నేలుంది, ఒకదాంట్లో లేదు. నా చెకర్‌కి కూడా ఇది తెలియదు, ఒప్పుకుంటాను. అందుకే ఈ పని మనిషిదే అంటున్నా.

ఈ రంగంలో వచ్చిన ఆలోచనల్లో నాకు అన్నిటికంటే అందంగా తోచింది 2009 నాటిది. గిలియన్ స్మిత్, జిమ్ వైట్‌హెడ్, మరో ఇద్దరు కలిసి టైళ్లని పక్కనపెట్టి ఆటగాడి వేళ్ల లయని ముందు పుట్టించారు. పరుగు, పరుగు, జంప్, ఆగు, జంప్, జంప్. ఆ లయ ఖాయమయ్యాక ఒక్కో దెబ్బకి తగిన నేలని వెతికి పెట్టారు. జంప్ అంటే అది గొయ్యి కావచ్చు, శత్రువు కావచ్చు, మెట్టు కావచ్చు. మన సినిమావాళ్లు ట్యూన్ కట్టాక పాట రాయించుకున్నట్టు. చెకర్ వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకో లాభం ఉంది, ప్రతి జంపూ దాటగలిగేదని తెలిసే పెడతారు. అదే స్మిత్, వైట్‌హెడ్ మరుసటి ఏడాది జనరేటర్‌ని కొలిచే పద్ధతి కూడా చెప్పారు. బోలెడు లెవెల్స్ పుట్టించి, ఎంత చదునుగా ఉన్నాయి, ఆటగాడిని ఎంత క్షమిస్తున్నాయి అని రెండు అక్షాల మీద చుక్కలు పెట్టమన్నారు. మీ జనరేటర్ చుక్కలన్నీ ఒకే మూలన గుమిగూడితే, సీడ్ (జనరేటర్‌కి ఇచ్చే మొదటి అంకె) ఎన్నిసార్లు మార్చినా ఆటగాడికి ఒకే లెవెల్ పదేపదే ఆడినట్టు ఉంటుంది. ఈ గ్రాఫ్ గీయకుండా "కోట్ల లెవెల్స్" అని స్టోర్ పేజీలో రాసుకునేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

"చేత్తో గీస్తే ఎన్నని గీస్తావు?" అన్నది న్యాయమైన ప్రశ్నే. సెలెస్టె లాంటి ఆటలో ప్రతి గదీ చేత్తో గీసిందే, కానీ ఆ పనికి ఆరితేరిన చేతులు కావాలి. డెడ్ సెల్స్ అనే ఆట చేసినవాళ్లు మధ్యదారి పట్టారు. గదులు మనుషులు గీశారు. ఏ ప్రాంతం ఎంత పొడుగు, దుకాణం ఎక్కడ, నిధి ఎక్కడ అనే పటం కూడా మనుషులే నిర్ణయించారు. ఆ పటానికి సరిపడే గదుల్ని ఎంచి అతికించడమే కోడ్ పని. సూపర్ మారియో మేకర్ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. 2015లో లక్షలమంది చేతికి లెవెల్ ఎడిటర్ ఇచ్చిన నింటెండో ఒకే షరతు గట్టిగా పెట్టింది: నీ లెవెల్ నువ్వే ఒకసారి పూర్తిచేసి చూపించు, అప్పుడే అప్‌లోడ్. లెవెల్ ఎవరు గీశారన్నది వాళ్లు పట్టించుకోలేదు. దాటగలమని రుజువు మాత్రం అడిగారు.

నేను ఇప్పుడు చేస్తున్న చిన్న ఆటలోనూ పని అలాగే పంచాను. గదులు నేను గీస్తాను. గోడోలో టైల్ పెట్టగానే చెకర్ నడుస్తుంది, చేరలేని చోటు ఎర్రగా, చేరి బయటపడలేని చోటు పసుపుగా మెరుస్తుంది. గదుల్ని కలిపే కోడ్ చాలా మొద్దుది, చూపించుకోవడానికి కూడా ఏమీ లేదు. అతికిస్తుంది, చెకర్ కాదంటే పారేసి మళ్లీ అతికిస్తుంది. ఇంకా తెగనిది కదిలే ప్లాట్‌ఫామ్‌ల వ్యవహారం. అటూ ఇటూ తిరిగి రావడానికి 4 సెకన్లు పట్టే ప్లాట్‌ఫామ్ ఒక్కటి చేరిస్తే, అది 240 ఫ్రేముల్లో ఏ ఫ్రేములో ఉందో కూడా స్థితిలో కలపాలి. ఆ గదిలో గ్రాఫ్ ఒక్కసారిగా 240 రెట్లు. వేర్వేరు వేగాల్లో రెండుంటే ఇక చెప్పక్కర్లేదు. నాలుగేసి ఫ్రేముల్ని ఒక గుత్తిగా చూస్తే తగ్గుతుంది, కానీ అంచు మీద దిగే జంపుల్ని అప్పుడప్పుడు తప్పు చెప్తోంది. అందాకా కదిలే ప్లాట్‌ఫామ్ ఉన్న గదిని అతికించే కోడ్‌కి ఇవ్వడం లేదు. వాటిని నేనే ఒక చోట పెట్టి, నేనే ఆడి చూసుకుంటున్నాను.